పాఠం 7 : ఉన్నవారిని ఉన్నట్టు స్వీకరించే స్నేహం – భారత, భాగవతాల్లో మూడు ఘట్టాలు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 ద్రుపదుడు – ద్రోణుడు : షరతుగా సమానత్వం
7.3 దుర్యోధనుడు – కర్ణుడు : కానుకగా సమానత్వం
7.4 కృష్ణుడు – కుచేలుడు : అటుకుల మూట
7.5 కొన్ని ఆక్షేపణలు – సమాధానాలు
7.6 సారాంశం
7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
– స్నేహాన్ని చిత్రించిన మూడు ప్రసిద్ధ ఘట్టాలను పోల్చి వివరించగలుగుతారు.
– కర్ణ దుర్యోధనుల స్నేహాన్ని గురించి లోకంలో ఉన్న అభిప్రాయాన్ని విమర్శ దృష్టితో పరిశీలించగలుగుతారు.
– 'ఉన్నవారిని ఉన్నట్టు స్వీకరించడం' అంటే ఏమిటో పాత్రల ప్రవర్తన ఆధారంగా చెప్పగలుగుతారు.

7.1 ప్రస్తావన

మనల్ని మనలాగే ఒప్పుకునే స్నేహితుడు దొరకాలని అందరూ కోరుకుంటారు. పేదరికం, పుట్టుక, చదువు, మాటతీరు – వీటిలో ఏదో ఒకటి ఎదుటివాళ్ళకు తక్కువగా కనిపిస్తుందేమోనన్న బెరుకు చాలామందికి ఉంటుంది. ఆ బెరుకు లేకుండా కూర్చుని మాట్లాడగలిగే చోటు ఎక్కడ ఉందన్న ప్రశ్న మన కావ్యాల్లోనూ ఉంది.

ఈ పాఠంలో మూడు జంటలను తీసుకుంటున్నాం. మొదటి రెండు జంటల పరిచయం ఆదిపర్వంలో జరుగుతుంది. దాన్ని 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో ఉండి నన్నయ తెలుగు చేశాడు. కర్ణుని కథలో మరో ముఖ్యభాగమైన ఉద్యోగపర్వాన్ని 13వ శతాబ్దంలో తిక్కన తెలిగించాడు. మూడో జంట 15వ శతాబ్దపు పోతన భాగవతంలో, దశమ స్కంధం ఉత్తర భాగంలో వస్తుంది.

ఈ కథలను మీలో చాలామంది హరికథల్లోనో, నాటకాల్లోనో, సినిమాల్లోనో తెలుసుకుని ఉంటారు. అలా తెలిసిన కథలకు మన మనసులో ముందే ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఆ తీర్పును పక్కన పెట్టి పాత్రలు ఏం మాట్లాడాయో, ఏం చేశాయో చూడటం విమర్శలో మొదటి పని.

7.2 ద్రుపదుడు – ద్రోణుడు : షరతుగా సమానత్వం

ద్రోణుడు, ద్రుపదుడు బాల్యంలో కలిసి చదువుకున్నారు. తరువాత ద్రుపదుడు పాంచాల దేశానికి రాజయ్యాడు. ద్రోణుడు అస్త్రవిద్యలో సాటిలేనివాడయ్యాడు, కాని ఇల్లు గడవలేదు. ధనికుల పిల్లలు పాలు తాగడం చూసి కొడుకు అశ్వత్థామ తనకూ పాలు కావాలని అడిగితే ఇవ్వలేని స్థితి ఆయనది. అప్పుడు బాల్యమిత్రుడు గుర్తుకు వచ్చాడు. పాంచాలానికి వెళ్ళి తాను ఫలానా అని, పాత స్నేహితుణ్ణని చెప్పుకున్నాడు.

ద్రుపదుడు సహాయం చేయకపోవడం ఒక ఎత్తు, ఆయన చెప్పిన కారణం మరొక ఎత్తు. ధనవంతుడికీ దరిద్రుడికీ, రాజుకూ రాజు కానివాడికీ స్నేహం కుదరదని, అది సమానుల మధ్యనే నిలుస్తుందని ఆయన వాదన. అంటే స్నేహానికి ముందే సమానత్వం ఉండి తీరాలి. చదువుకునే రోజుల్లో ఇద్దరికీ ఒకే ఆశ్రమం, ఒకే విద్య ఉన్నాయి కాబట్టి అప్పటి స్నేహం చెల్లింది. ఇప్పుడు హోదా మారింది కాబట్టి చెల్లదు.

ఈ వాదన కఠినమైనదే కాని, లోకంలో లేనిది కాదు. అందుకే ద్రోణుణ్ణి అది అంతగా గాయపరిచింది. విచిత్రం ఏమిటంటే, ద్రోణుడు చివరికి ఆ వాదననే స్వీకరించాడు. హస్తినాపురంలో కౌరవ పాండవులకు విద్య నేర్పి, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి పట్టి తెమ్మన్నాడు. అర్జునుడు పట్టి తెచ్చాడు. వ్యాస భారతంలో ద్రోణుడు సగం రాజ్యం తాను తీసుకుని, రాజు కానివాడు రాజుకు మిత్రుడు కాలేడన్నావు కాబట్టి ఇప్పుడు ఇద్దరం సమానులమయ్యామని అంటాడు. తరువాత ద్రుపదుడు ద్రోణుణ్ణి చంపగల కొడుకు కోసం యజ్ఞం చేశాడు, ధృష్టద్యుమ్నుడు పుట్టాడు.

ద్రుపదుడు పెట్టిన షరతును ద్రోణుడు అక్షరాలా నెరవేర్చాడు. లెక్క సరిపోయింది, కాని స్నేహం తిరిగి రాలేదు. సమానత్వం లేకపోవడమే అడ్డంకి అయితే అది తొలగగానే స్నేహం చిగురించాలి. అలా జరగలేదంటే షరతులోనే లోపం ఉందని తేలుతుంది.

7.3 దుర్యోధనుడు – కర్ణుడు : కానుకగా సమానత్వం

కుమారాస్త్ర విద్యా ప్రదర్శనలో కర్ణుడు అర్జునుణ్ణి ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. కృపాచార్యుడు అతని కులం, తల్లిదండ్రుల వివరం అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. ఆ క్షణంలో దుర్యోధనుడు ముందుకు వచ్చి కర్ణుణ్ణి అంగరాజ్యానికి అభిషేకించాడు. బదులుగా నీకేమివ్వగలనని కర్ణుడు అడిగితే చెరగని స్నేహం కోరాడు.

ఇంతలో కర్ణుణ్ణి పెంచిన అధిరథుడు రంగస్థలంలోకి వచ్చాడు. అభిషేక జలంతో తడిసిన తలను కర్ణుడు ఆ వృద్ధ సారథి పాదాలకు వంచాడు. భీముడు ఎగతాళి చేశాడు. దుర్యోధనుడు మాత్రం వెనక్కి తగ్గలేదు. వీరుల పుట్టుకను వెతకనక్కరలేదని వాదించాడు.

ఈ ఘట్టం వల్లనే తెలుగువారిలో దుర్యోధనుడి స్నేహానికి గొప్ప పేరు వచ్చింది. 1977లో వచ్చిన 'దానవీరశూరకర్ణ' చిత్రంలో ఎన్.టి. రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ తానే ధరించారు. ఆ చిత్రం చూసినవారికి దుర్యోధనుడి సభా వాదం కులాభిమానం మీద చెంపదెబ్బలా గుర్తుండిపోయింది. ఆ అభిమానానికి కారణం ఉంది. నిండు సభలో ఒకణ్ణి పుట్టుక పేరుతో నిలదీస్తుంటే పక్కన నిలబడినవాడు దుర్యోధనుడు ఒక్కడే. సారథి కొడుకని బయటపడిన తరువాత కూడా అతను చేయి వదలలేదు. ఈ మాటను విమర్శకుడు మొదటే ఒప్పుకోవాలి.

అయితే ఇక్కడ రెండు ప్రశ్నలు వేయాలి. మొదటిది : దుర్యోధనుడు కర్ణుడిలో ఏమి చూశాడు? అర్జునుడికి దీటైన విలుకాణ్ణి చూశాడు. ఆనాటి వరకు పాండవుల బలానికి బదులు చెప్పగలవాడు అతనికి లేడు. కర్ణుణ్ణి చూశాక ఆ భయం తీరింది. స్నేహంలో నిజాయితీ లేదని దీని అర్థం కాదు. అవసరం, అభిమానం ఒకే క్షణంలో పుట్టాయని మాత్రమే అర్థం.

రెండోది : కర్ణుణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టే నిలబెట్టాడా? సూతుడిగానే అర్జునుడితో పోరాడనిమ్మని అతను పట్టుబట్టలేదు. ముందు రాజును చేశాడు, తరువాత సాటివాడన్నాడు. ద్రుపదుడు అడిగిన సమానత్వాన్ని దుర్యోధనుడు కానుకగా ఇచ్చాడు. కానుక అందుకున్నవాడు రుణపడ్డాడు.

ఆ రుణం ఏం చేసిందో సభాపర్వంలో కనిపిస్తుంది. ద్రౌపదిని సభకు ఈడ్చుకువచ్చినప్పుడు ఆమె పక్షాన మాట్లాడినవాడు దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు. అతణ్ణి మందలించినవాడు కర్ణుడు. సొంత తమ్ముడు కాదనగలిగిన చోట ప్రాణమిత్రుడు కాదనలేకపోయాడు. కర్ణుడు ఎప్పుడూ దుర్యోధనుణ్ణి ఎదిరించలేదని కాదు. దొంగచాటు ఉపాయాలు వద్దు, పరాక్రమంతో గెలుద్దామని ఆదిపర్వంలోనే చెప్పాడు. కాని అది మార్గం గురించిన తేడా. మిత్రుడి కోరికనే తప్పుపట్టడం వేరు.

ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పాండవుల వైపు రమ్మన్నప్పుడు కర్ణుడు రానన్నాడు. రాధ, అధిరథుల ప్రేమను, తనను నమ్మి యుద్ధానికి దిగిన దుర్యోధనుణ్ణి వదలలేనన్నాడు. ఆ నిరాకరణలో ఎంతో ఔన్నత్యం ఉంది. అయితే వ్యాస భారతంలో అదే సంభాషణలో అతను మరో మాట కూడా అంటాడు : దుర్యోధనుడి సంతోషం కోసం పాండవులను పరుషంగా మాట్లాడానని, ఆ పనికి ఇప్పుడు బాధపడుతున్నానని. స్నేహితుడు సంతోషించాలని తనది కాని మాట మాట్లాడినవాడు ఆ స్నేహంలో పూర్తిగా తానుగా ఉన్నట్టు కాదు. కర్ణుడి ఒప్పుకోలే దీనికి సాక్ష్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) స్నేహం గురించి ద్రుపదుడి వాదన ఏమిటి?
(ఆ) వికర్ణుడు చేసిన పనిని కర్ణుడు ఎందుకు చేయలేకపోయాడు? మీ మాటల్లో ఐదు వాక్యాలు రాయండి.

7.4 కృష్ణుడు – కుచేలుడు : అటుకుల మూట

కుచేలుడు అనే పేరుకు చినిగిన బట్ట కట్టినవాడు అని అర్థం. పేదరికమే అతని పేరైపోయింది. సాందీపని దగ్గర కృష్ణుడితో కలిసి చదువుకున్నాడు. భార్య బలవంతం మీద ద్వారకకు బయలుదేరాడు. చేతిలో కాసిని అటుకులు తప్ప ఏమీ లేవు.

దారిలో అతని ఆలోచనలను పోతన చెప్పిన తీరు గమనించండి. అంత పెద్ద నగరంలోకి ఎలా వెళ్ళాలి, కాపలావాళ్ళు అడ్డగిస్తే వాళ్ళకు ఇచ్చుకోవడానికైనా తన దగ్గర ఏముంది అని మథనపడతాడు. ద్రోణుడు తన విద్య మీద ధీమాతో పాంచాలానికి వెళ్ళాడు. కుచేలుడు బెరుకుతో ద్వారకకు వెళ్ళాడు. ఎదురైన అనుభవాలు తారుమారయ్యాయి.

కృష్ణుడు దూరం నుంచే గుర్తుపట్టి, పాన్పు దిగి ఎదురువచ్చి, కౌగిలించుకుని, తన పాన్పు మీదనే కూర్చోబెట్టి కాళ్ళు కడిగాడు. అంతఃపుర స్త్రీలు ఆశ్చర్యపోయారు. ఆ తరువాత అతను ఎత్తుకున్న మాటలు గురుకులం నాటివి. కట్టెల కోసం అడవికి వెళ్ళడం, గాలివాన, చీకటి, గురువు వెతుక్కుంటూ రావడం. వానలో తడిసిన ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరూ ఎక్కువ కారు, ఎవరూ తక్కువ కారు. ద్రుపదుడు చెల్లదన్న బాల్యాన్నే కృష్ణుడు ముందుకు తెచ్చాడు.

ఇక్కడితో ఆగితే ఇది మర్యాద కథ అయ్యేది. తరువాతి మలుపు ముఖ్యమైనది. నాకేం తెచ్చావని కృష్ణుడు అడుగుతాడు. కుచేలుడు సిగ్గుపడి తల వంచుకుంటాడు. అప్పుడు కృష్ణుడే ఆ మూట విప్పి ఒక పిడికెడు అటుకులు తింటాడు. రెండో పిడికిలి తీసుకోబోతే రుక్మిణి వారిస్తుంది.

కర్ణుడూ తల వంచుకున్నాడు, కుచేలుడూ తల వంచుకున్నాడు. కర్ణుడి సిగ్గును దుర్యోధనుడు కిరీటంతో కప్పాడు. కుచేలుడు దాచుకున్నదాన్నే కృష్ణుడు ఇష్టంగా అడిగి తీసుకున్నాడు. అడగడంతో కుచేలుడు యాచకుడి స్థానం నుంచి ఇచ్చేవాడి స్థానానికి వచ్చాడు. చినిగిన బట్ట చినిగినట్టే ఉంది, అటుకులు అటుకులుగానే ఉన్నాయి. అతనిలో ఏమీ మార్చకుండానే గౌరవం దక్కింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) దారిలో కుచేలుడిని బాధించిన ఆలోచనలేమిటి?
(ఆ) కృష్ణుడు అటుకులు అడిగి తీసుకోవడంలోని విశేషాన్ని వివరించండి.

7.5 కొన్ని ఆక్షేపణలు – సమాధానాలు

కుచేలుడికి చివర్లో సంపద వచ్చింది కదా, అది కానుక కాదా అని అడగవచ్చు. తేడా ఇచ్చిన పద్ధతిలో ఉంది. సంపద సభలో ఇవ్వలేదు, చెప్పి ఇవ్వలేదు, బదులు ఏమీ కోరలేదు. కుచేలుడు ఏమీ అడగకుండానే, ఏమీ అందలేదనుకుంటూనే తిరుగు ప్రయాణమయ్యాడు. అయినా కృష్ణుడి మీద నిష్ఠూరం లేదు. ధనం వస్తే గర్వించి తనను మరిచిపోతానని ఇవ్వలేదేమో అని సమాధానపడ్డాడు. సంపద సంగతి తెలియకముందే అతని మనసు నిండిందన్నది ఇక్కడ అసలు విషయం.

కృష్ణుడు దేవుడు కాబట్టి అలా చేయగలిగాడు, మామూలు మనుషులకు ఇది ఎలా సాధ్యమని మరో ఆక్షేపణ. సంపద సృష్టించడానికి దైవత్వం కావాలి. ఎదురువెళ్ళడానికి, పాత సంగతులు ముచ్చటించడానికి, పిడికెడు అటుకులు తినడానికి అక్కరలేదు. పోతన భక్తితో రాసిన కథ కాబట్టి అందులో భక్తుడు, భగవంతుడు ఉన్నారు. కాని ఆయన చిత్రించిన పనులన్నీ ఏ ఇంట్లోనైనా జరగగలవి.

ఉన్నట్టు స్వీకరించడమంటే తప్పులను కూడా ఒప్పుకోవడమా అన్నది మూడో ప్రశ్న. కాదు. తెలుగులో ఏనుగు లక్ష్మణకవి అనువాదం ద్వారా ప్రసిద్ధమైన భర్తృహరి నీతి, మంచి మిత్రుడి లక్షణాల్లో చెడు నుంచి మళ్ళించడాన్ని చేర్చింది. పుట్టుక, పేదరికం మనిషి ఎంచుకున్నవి కావు, వాటిని మార్చాలనుకోవడం అవమానం. చేసే పని ఎంచుకున్నది, దాన్ని ప్రశ్నించడం స్నేహధర్మం. కర్ణ దుర్యోధనుల మధ్య మొదటిదానిలో కొంత ఉదారత ఉంది, రెండోది లేదు.

7.6 సారాంశం

ద్రుపదుడు సమానత్వాన్ని షరతుగా పెట్టి స్నేహాన్ని కాదన్నాడు. దుర్యోధనుడు సమానత్వాన్ని కానుకగా ఇచ్చి స్నేహాన్ని కోరాడు. ఆ స్నేహం నిజమైనదే కాని, కర్ణుడికి కాదనే స్వేచ్ఛ మిగల్చలేదు. కృష్ణుడు కుచేలుడి దగ్గర ఉన్నదాన్ని అడిగి తీసుకున్నాడు. మనల్ని మనలాగే స్వీకరించే స్నేహితుణ్ణి గుర్తించడానికి ఈ మూడు కథల నుంచి రెండు గుర్తులు దొరుకుతాయి. మన దగ్గరున్న కొద్దిపాటిదాన్ని అతను ఇష్టంగా తీసుకుంటాడు. అతను తప్పు చేసినప్పుడు మనం కాదని చెప్పగలుగుతాం.

7.7 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కర్ణ దుర్యోధనుల స్నేహాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి. ఈ పాఠంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవించకపోతే కారణాలు రాయండి.
2. ద్రోణుడు పాంచాలానికి, కుచేలుడు ద్వారకకు చేసిన ప్రయాణాలను పోల్చండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ద్రోణుడు ద్రుపదుడి వాదననే స్వీకరించాడనడంలోని అర్థం ఏమిటి?
2. కానుకకూ రుణానికీ గల సంబంధాన్ని కర్ణుడి పాత్ర ఆధారంగా తెలపండి.
3. ఉన్నట్టు స్వీకరించడానికీ తప్పును సమర్థించడానికీ గల భేదమేమిటి?