‘నటించలేదు, జీవించారు’: పాత సినిమా ముచ్చట్లలో నటనను మెచ్చే భాష – సావిత్రి పాత్రల ఆధారంగా పరిశీలన

వ్యాస సంగ్రహం:

పాత సినిమాల గురించి మాట్లాడుకునేటప్పుడు తెలుగు ప్రేక్షకులు గొప్ప నటనకు ఇచ్చే అత్యున్నత ప్రశంస ‘నటించలేదు, జీవించారు’ అన్నది. ఈ ప్రశంస వెనుక ఉన్న నటనాభావనను పరిశీలించి, మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) చిత్రాలలోని సావిత్రి అభినయాన్ని వివరించడానికి అది ఎందుకు చాలదో చూపడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు రంగస్థల సంప్రదాయంలో ఇందుకు తగిన మరొక ప్రమాణం ఉందని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సావిత్రి, మాయాబజార్, మిస్సమ్మ, సాత్త్వికాభినయం, స్త్రీ పాత్రధారణ, ప్రేక్షక విమర్శ.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ఇళ్లలో పాత సినిమా ప్రస్తావన వస్తే మాట చాలావరకు కథ దగ్గర మొదలుకాదు. ఎస్.వి. రంగారావు నడక, సూర్యకాంతం ఎడమచేతి విసురు, రేలంగి తడబాటు, సి.ఎస్.ఆర్. మాట విరుపు ముందుగా గుర్తుకు వస్తాయి. ‘అస్మదీయులు’, ‘వీరతాడు’ వంటి మాటలు సినిమా దాటి నిత్యవ్యవహారంలోకి వచ్చాయి. ఆ మాటలు రాసినది పింగళి నాగేంద్రరావు. కాని ప్రేక్షకుల చెవుల్లో అవి నటుల గొంతులతోనే నిలిచిపోయాయి. చెప్పేవారు కేవలం చెప్పరు. ఆ గొంతును, ఆ చేతి కదలికను కొంత అనుకరించి చూపుతారు. అనుకరించడానికి ముందు గమనించాలి, గమనించినదానిలో ముఖ్యమైనదాన్ని ఎంచుకోవాలి. ఆ దృష్టితో చూస్తే ఈ ముచ్చట్లను అలిఖిత విమర్శగా పరిగణించవచ్చు.

అయితే ఇంత సూక్ష్మంగా గమనించే ప్రేక్షకుడు తీర్పు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం ఒకే వాక్యాన్ని ఆశ్రయిస్తాడు: నటించలేదు, జీవించారు. పత్రికల సినిమా వ్యాసాలలోనూ, సంస్మరణ సభలలోనూ ఇదే మాట వినిపిస్తుంది. గమనింపుకూ తీర్పుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని పరిశీలించవలసి ఉంది.

2. ‘జీవించడం’ అనే ప్రమాణం:

ఈ ప్రశంసలో రెండు భావాలున్నాయి. మొదటిది, నటుడు పాత్రలో పూర్తిగా లీనమయ్యాడన్నది. రెండవది, నటన అంటే ఎంతోకొంత అబద్ధమన్నది. ‘నటిస్తున్నాడు’ అన్న మాట వ్యవహారంలో నిందగా వాడటం కూడా దీనికి తోడైంది. అందువల్ల నటుణ్ణి మెచ్చుకోవాలంటే అతడు నటించలేదని చెప్పవలసి వస్తున్నది.

ఈ ప్రమాణం బాగా అతికినట్లు కనిపించే ఉదాహరణ దేవదాసు (1953). వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు పోషించిన ఆ పాత్రను గురించి ‘జీవించారు’ అనని అభిమాని అరుదు. అయితే మద్యపాన దృశ్యాలలో కనురెప్పలు బరువెక్కి కనిపించడానికి వాటిలో ఎక్కువ భాగాన్ని రాత్రివేళ చిత్రీకరించారన్న విషయాన్నీ ఆ అభిమానులే ముచ్చటగా చెప్పుకుంటారు. తెరపై మత్తుగా కనిపించినదాని వెనుక నిద్ర ఆపుకొన్న కళ్లున్నాయి, వేళ ఎంచుకున్న దర్శకుడున్నాడు. ‘జీవించారు’ అన్న తీర్పులో ఈ పనితనానికి చోటు లేదు.

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించిన నాట్యశాస్త్రాన్ని తీసుకుంటే, ‘జీవించడం’ సాత్త్వికానికి దగ్గరగా కనిపిస్తుంది. కాని భరతుడు సత్త్వాన్ని లీనమైపోవడంగా చెప్పలేదు. దుఃఖం లేనివాడు ఏడుపును, సుఖం లేనివాడు హర్షాన్ని అభినయించవలసి వస్తుంది. అందుకు మనస్సు ఏకాగ్రం కావాలి. ఆ ఏకాగ్రత నుంచి పుట్టేదే సత్త్వం అన్నది ఆయన వివరణ సారాంశం. అంటే కన్నీరు కూడా సాధనతో వచ్చేదే. నటుడు పాత్ర కాడన్న ఎరుక లేకపోతే ఈ వివరణకు అర్థమే లేదు.

3. మిస్సమ్మ – నటించడం రాని పాత్రను నటించడం:

ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన మిస్సమ్మలో మేరీ క్రైస్తవ యువతి. అప్పు తీర్చవలసిన అవసరం, నిరుద్యోగం ఆమెను ఒక ఒప్పందానికి తెస్తాయి. జమీందారు బడిలో ఉపాధ్యాయ ఉద్యోగాలు భార్యాభర్తలకే ఇస్తారు కనుక, ఎం.టి. రావుతో కలిసి ఆమె హిందూ దంపతులుగా నటించడానికి అంగీకరిస్తుంది. ఎన్.టి. రామారావు పోషించిన రావుకు ఆ వేషం సులువుగానే ఒంటబడుతుంది. మేరీకి మాత్రం ప్రతి సంప్రదాయమూ, ప్రతి పిలుపూ ఇబ్బందే.

ఇక్కడ సావిత్రి ముందున్న సమస్య సామాన్యమైనది కాదు. మేరీ ఇల్లాలిగా సరిగా నటించలేకపోతున్నదని ప్రేక్షకుడికి తెలియాలి, జమీందారు దంపతులకు తెలియకూడదు. కాబట్టి ఒకే ముఖంపై రెండు రకాల చూపరులకు రెండు అర్థాలు కనిపించాలి. పెద్దవారి ఎదుట మర్యాద నిలుపుకొంటూనే, వారు అటు తిరిగిన క్షణంలో రావు వైపు విసిరే చూపులో ఆ రెండవ అర్థం ఉంటుంది. ‘మేరీగా జీవించారు’ అంటే ఈ పొందిక కనిపించకుండా పోతుంది. నటించడం చేతకాని మేరీని అత్యంత సమర్థంగా నటించడమే ఇక్కడి ప్రతిభ. చివరకు మేరీ ఆ జమీందారు దంపతుల తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలడంతో, వేషంగా మొదలైనది సత్యంగా మారి నటనకూ జీవితానికీ ఉన్న సంబంధాన్ని కథే చర్చకు పెడుతుంది.

4. మాయాబజార్ – మూడు పొరల అభినయం:

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన మాయాబజార్‌లో ఈ సమస్య మరింత జటిలమవుతుంది. ఘటోత్కచుడు నిద్రిస్తున్న శశిరేఖను తన ఆశ్రమానికి తరలించి, ఆమె రూపంలో ద్వారకకు వస్తాడు. అప్పటి నుంచి తెరపై ఉన్న శరీరం సావిత్రిది, రూపం శశిరేఖది, స్వభావం ఘటోత్కచునిది. శశిరేఖ పాత్రను పోషించిన నటియే, ఆ శశిరేఖగా నటిస్తున్న రాక్షసుణ్ణి నటించాలి.

‘అహ నా పెళ్లియంట’ పాటలో సిగ్గుపడే పెళ్లికూతురి లాస్యం, రాక్షసుని ఉద్ధతి ఒకదాని వెంట మరొకటి వస్తాయి. స్త్రీస్వరం మధ్యలో పురుషస్వరం వినిపిస్తుంది. స్వరం మారిన చోటే భుజాలు విచ్చుకోవాలి, అడుగు బరువెక్కాలి. మరుక్షణం అవన్నీ ముడుచుకోవాలి. ఆ మార్పు ఏమాత్రం ఆలస్యమైనా హాస్యం చెడిపోతుంది. పెళ్లిపీటల మీద రేలంగి పోషించిన లక్ష్మణకుమారుని కాలు తొక్కే ఘట్టంలో పై శరీరం వధువుది, కింది పాదం రాక్షసునిది. ఇంత కచ్చితమైన విభజన లీనమైపోవడం వల్ల సాధ్యం కాదు. తన శరీరంలో ఏ భాగం ఎవరికి చెందిందో నటికి ప్రతిక్షణం తెలిసి ఉండాలి.

మరొక విషయం కూడా గమనించదగినది. సావిత్రి అభినయం అర్థం కావాలంటే ప్రేక్షకుడి మనస్సులో రంగారావు ఘటోత్కచుడు ముందే నిలిచి ఉండాలి. గుర్తుపట్టడానికి వీలైన నడక, తల ఎగరవేత, మాట పట్టు ఆయన ఇచ్చారు కనుకనే ఆమె వాటిని సన్నని శరీరంలోకి తెచ్చుకోగలిగారు. మాయాశశిరేఖ ఈ రీతిలో ఇద్దరు నటుల ఉమ్మడి సృష్టి. పాత సినిమా ముచ్చట్లలో రంగారావును, సావిత్రిని విడివిడిగా మెచ్చుకోవడమే గాని, ఒకరి నటన మరొకరి నటనకు పునాది అయిన తీరును చెప్పుకోవడం తక్కువ.

5. రంగస్థలం నేర్పిన చూపు:

ఈ రకమైన నటనను ఆస్వాదించే శక్తి తెలుగు ప్రేక్షకులకు సినిమా వల్ల కొత్తగా వచ్చినది కాదు. కూచిపూడిలో పురుషులే స్త్రీ వేషం ధరించే సంప్రదాయం ఉంది. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా ఖ్యాతి పొందారు. పద్యనాటక రంగంలో స్థానం నరసింహారావు స్త్రీ పాత్రధారణకు పర్యాయపదమయ్యారు. ఆ ప్రేక్షకులు వేషధారి పురుషుడని మరిచిపోయి ఆనందించలేదు. పురుషుడని తెలిసి ఉండటంలోనే వారి ఆశ్చర్యం ఉంది. వారు మెచ్చుకున్నది వేషానికీ మనిషికీ మధ్య ఉన్న దూరాన్ని నటుడు దాటిన నేర్పును.

మాయాశశిరేఖలో ఈ సంప్రదాయం తలకిందులైంది. రంగస్థలం మీద పురుషుడు స్త్రీని అభినయిస్తే, ఇక్కడ స్త్రీ వేషం ధరించిన పురుషుణ్ణి ఒక స్త్రీ అభినయించింది. సురభి నాటక సమాజాల ప్రదర్శనల ద్వారా మాయాబజార్ కథ అప్పటికే ప్రేక్షకులకు పరిచితం కావడం కూడా వారి దృష్టిని ‘ఏమి జరుగుతుంది’ అన్నదాని నుంచి ‘ఎలా చేశారు’ అన్నదాని వైపు మళ్లించి ఉంటుంది.

6. ప్రశంసలోని నష్టం:

‘జీవించారు’ అన్నది ఒక అలవాటు మాట మాత్రమేనని, దాన్ని ఇంతగా పరీక్షించనవసరం లేదని అనిపించవచ్చు. కాని సావిత్రి విషయంలో ఈ మాటకు ఒక పర్యవసానం ఉంది. 1981లో ముగిసిన ఆమె జీవితంలోని చివరి కష్టాలు అందరికీ తెలిసినవే. మహానటి (2018) చిత్రం ఆ జీవితాన్ని కొత్త తరానికి పరిచయం చేసింది. పాత్రలో ‘జీవించింది’ అన్న ప్రశంస క్రమంగా, ఆమె తెరపై కార్చిన కన్నీరు సొంత దుఃఖమేనన్న ఊహకు దారితీస్తుంది. దేవదాసులోని పార్వతిని పోషించిన 1953 నాటి యువనటి కన్నీటిని కూడా తరువాతి విషాదానికి సూచనగా చదవడం ఇందుకు నిదర్శనం. బాధపడినందువల్ల గొప్పగా నటించిందన్నది, పనితెలిసినందువల్ల గొప్పగా నటించిందన్న నిజాన్ని మరుగుపరుస్తుంది.

దర్శకుడు కోరిన కంటి నుంచి, కోరినన్ని చుక్కలే ఆమె రాల్చారన్న ముచ్చట మహానటిలోనూ కనిపిస్తుంది. ఆ ముచ్చటలో అతిశయోక్తి ఎంతున్నా, దాన్ని చెప్పుకునేవారు మెచ్చుకునేది మాత్రం అదుపునే. తీర్పులో కొరవడిన పనితనపు గుర్తింపు ముచ్చటలో భద్రంగా ఉందని దీనివల్ల తెలుస్తున్నది.

7. ముగింపు:

పాత సినిమా ముచ్చట్లలోని గమనింపు వాటిలోని తీర్పు కంటే సంపన్నమైనది. నడకను, విరుపును, చూపును అనుకరించి చూపే అభిమాని తనకు తెలియకుండానే ఆంగిక వాచికాలను విశ్లేషిస్తున్నాడు. విమర్శకులు అందుకోవలసినది ఆ విశ్లేషణను; విడిచిపెట్టవలసినది ‘నటించలేదు’ అన్న మాటను. సావిత్రి మేరీగాను, మాయాశశిరేఖగాను నటించారు. ఎరుకతో, లెక్కతో, సాధనతో నటించారు. ఆమె పనిని పనిగా గుర్తించి చెప్పగల పరిభాషను రూపొందించుకోవడం తెలుగు సినిమా విమర్శ ఇంకా తీర్చవలసిన బాకీ.