ఇంటిపేరు అడిగే గుడారం

స్కాట్లండ్ వారి హైలాండ్ గేమ్స్ ఉత్సవాల్లో మైదానం అంచున చిన్న గుడారాలు వరసకట్టి ఉంటాయి. జనం చూపంతా పొడవాటి దుంగ విసిరే బలశాలుల మీదా, బ్యాగ్‌పైప్ బృందాల మీదా ఉంటుంది. ఆ సందడికి కాస్త ఎడంగా ఉండే ఈ గుడారాలు ఒక్కొక్కటీ ఒక్కో క్లాన్‌ది: మెక్‌డొనాల్డ్, క్యాంప్‌బెల్, మెకంజీ, మన్రో, మెక్‌గ్రెగర్. హైలాండ్స్ అనే ఎత్తుసీమల్లో ఒక అధిపతి నీడన, ఒకే పేరు కింద బతికిన కూటమి క్లాన్. ఆ పేరుగలవాళ్లు దేశదేశాలకు చెదిరిపోయాక వాళ్లను కలిపి ఉంచడానికి ఏర్పడినవి క్లాన్ సొసైటీలు. గ్లాస్గోలో 1725లో పుట్టిన బుకానన్ సొసైటీ వీటిలో అన్నిటికన్నా పాతది.

సొసైటీ బయటి జనాన్ని నేరుగా కలిసేది ఏడాదికి కొన్ని రోజులే, అదీ ఎక్కువగా ఈ గుడారంలోనే. అక్కడ నిలబడేవాళ్లు జీతానికి వచ్చినవాళ్లు కారు. రిటైరైన టీచర్లు, నర్సులు, కాలేజీ పిల్లలు శనివారం పొద్దున్నే వచ్చి, కిల్ట్ కట్టుకుని, బల్ల దగ్గర నిలబడతారు. కాసేపటికే ఎవరో వచ్చి అడుగుతారు: "మా నాయనమ్మ పుట్టింటి పేరు ఇది. మేం మీవాళ్లమేనా?" ఏం చెప్పాలో ముందుగా నేర్పి ఉండకపోతే వాలంటీర్ తనకు తోచింది చెబుతాడు. విన్నవాళ్లు దాన్ని ఇంటికి తీసుకెళ్లి పిల్లలకు చరిత్రగా చెబుతారు. ఉచితంగా పని చేసేవాళ్లకు పని నేర్పకపోవడం వాళ్లను తక్కువ చేయడమేనన్నది ఈ శీర్షిక పాత పట్టుదల. నోటిమాటే సరుకైన ఈ గుడారంలో ఆ లోటు మరింత నష్టం చేస్తుంది.

నేర్పడం వస్తువులతో మొదలవుతుంది. మామూలుగా దొరికేది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు స్థలం, అందులో మడిచి తెరిచే గుడారం. గాలికి ముందు లేచేది గుడారమే కాబట్టి నాలుగు కాళ్లకూ బరువులు కట్టడం తొలి పాఠం. వానకూ సిద్ధపడాలి. అమెరికాలో ఉత్తర కరోలినాలోని గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ గేమ్స్ 1956లో మొదలయ్యాయి. జూలైలో జరిగే ఆ ఉత్సవానికి వేదిక 5,946 అడుగుల కొండ పక్కనున్న మెక్‌రే మెడోస్ అనే పచ్చిక మైదానం. అలాంటి చోట ఎండ, పొగమంచు, వాన ఒకే పూటలో రావచ్చు. పుస్తకాలకూ ఫారాలకూ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలు, గుడారం పక్కలకు తెరలు ఉండాలి. బల్ల మీద ఉండవలసినవి క్లాన్ నేలను చూపే స్కాట్లండ్ పటం, పెద్ద అక్షరాల్లో ఇంటిపేర్ల జాబితా, సందర్శకుల పుస్తకం, సభ్యత్వ ఫారాలు, రసీదు పుస్తకం, చిల్లర. చాలా ఉత్సవాల్లో పిల్లల చేతికి పాస్‌పోర్ట్ లాంటి చిన్న పుస్తకం ఇస్తారు. వాళ్లు గుడారం గుడారానికీ తిరిగి ముద్ర వేయించుకుంటారు. అందుకే రబ్బరు ముద్ర, సిరా, రంగు పెన్సిళ్లు కూడా పెట్టెలో ఉండాలి. పిల్ల ముద్ర కోసం ఆగితే వెనకున్న పెద్దవాళ్లూ ఆగుతారు, మాట కలుస్తుంది.

బల్లను గుడారం ముందు అడ్డంగా వేస్తే అది కౌంటర్ అవుతుంది. వచ్చినవాళ్లు అవతలే నిలబడి కరపత్రం తీసుకుని వెళ్లిపోతారు. బల్లల్ని పక్కలకు వేసి మధ్య దారి వదిలితే మనుషులు లోపలికొస్తారు. పటాన్ని లోపలి గోడకు కట్టాలి, దాన్ని చూడటానికైనా రెండడుగులు వేస్తారు. విడతకు ఇద్దరు చొప్పున, ఒకరు పాతవారు, ఒకరు కొత్తవారు ఉండటం మంచిది. కొత్తవారు పాతవారి మాట విని నేర్చుకుంటారు, పాతవారు అలిసినప్పుడు కొత్తవారు అందుకుంటారు. ఊరేగింపు వేళ అందరూ జెండా వెంట వెళ్లిపోతే గుడారం ఖాళీ అవుతుంది. ఉండిపోయేది ఎవరో ముందు రోజే తేల్చుకోవాలి.

వస్తువుల తర్వాత తెలివిడి. ముందుగా తెలియాల్సింది ఇంటిపేర్ల సంగతి. పెద్ద క్లాన్ గొడుగు కిందికొచ్చే చిన్న ఇంటిపేర్లను సెప్టులంటారు. ఈ జాబితాలు చాలావరకు 19వ శతాబ్దంలో, కొంత టార్టన్ అనే గళ్ల గుడ్డల అమ్మకం కోసం కూడా, తయారైనవి. ఒకే పేరు రెండు మూడు క్లాన్ల జాబితాల్లో కనిపిస్తుంది. స్మిత్, టేలర్, మిల్లర్ లాంటి వృత్తి పేర్లు స్కాట్లండ్ అంతటా పుట్టాయి, ఏ ఒక్క క్లాన్‌కీ చెందవు. కనుక జాబితాలో పేరుంది కాబట్టి మీరు మావాళ్లేనని వాలంటీర్ తేల్చి చెప్పకూడదు. "ఈ పేరుగల కొందరు మా నేల మీద బతికారు. మీ పూర్వీకులు ఏ ఊరివాళ్లో తెలిస్తే ఇంకాస్త చెప్పగలం" అనాలి. జార్జ్ ఎఫ్. బ్లాక్ రాసి 1946లో అచ్చయిన స్కాట్లండ్ ఇంటిపేర్ల నిఘంటువు ఒక ప్రతి బల్ల కింద ఉంటే చాలా తగవులు తీరుతాయి.

రెండోది చిహ్నాల సంగతి. బజారులో "మీ వంశచిహ్నం" పేరుతో డాలు బొమ్మలు అమ్ముతారు. స్కాట్లండ్ చట్టంలో డాలు చిహ్నం ఒక వ్యక్తిది, ఇంటిపేరుది కాదు. దాన్ని నమోదు చేసే అధికారం ఎడిన్‌బరాలోని లార్డ్ లయన్ న్యాయస్థానానిది. క్లాన్ అధిపతి డాలును ఇతరులు వాడుకోకూడదు. సభ్యులు ధరించదగినది అధిపతి శిరోచిహ్నం చుట్టూ బెల్టు, బకిల్ ఆకారం, దాని మీద ధ్యేయవాక్యం ఉన్న బ్యాడ్జి. టోపీకి మూడు గద్ద ఈకలు పెట్టుకునే హక్కు అధిపతిది. గుడారం మీద ఏ జెండా ఎగరాలో, ఎవరు ఏది ధరించాలో తెలియని వాలంటీర్ తెలియకుండానే తన అధిపతి హక్కును చిన్నబుచ్చుతాడు.

మూడోది టార్టన్. కులోడెన్ యుద్ధంలో ఎత్తుసీమల తిరుగుబాటుదారులు ఓడాక 1746 చట్టం ఎత్తుసీమల మగవాళ్లకు వారి దుస్తుల్ని నిషేధించింది. 1782లో ఆ చట్టం రద్దయింది. 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ నడిపించిన సంబరాలతో టార్టన్‌కు కొత్త వైభవం వచ్చింది. క్లాన్‌కొక నమూనా అనే పద్ధతి స్థిరపడింది ఆ కాలంలోనే. 1842లో సోబియెస్కీ స్టువర్ట్ సోదరులు ప్రాచీనమంటూ ప్రచురించిన నమూనాల పుస్తకం కల్పితమని తర్వాత తేలింది. అయినా అందులోని నమూనాలు కొన్ని ఇప్పటికీ క్లాన్ టార్టన్లుగానే చెల్లుతున్నాయి. "మీ ముత్తాతలు ఈ గళ్లతోనే కులోడెన్‌లో పోరాడారు" అన్న మాట వినడానికి బాగుంటుంది, దానికి ఆధారం లేదు. "ఇది మా సొసైటీ గుర్తించిన టార్టన్, ఫలానా ఏటి నుంచి తెలుసు" అనడం నిజం. నమోదు వివరాలు కావాలంటే 2008 చట్టంతో ఏర్పడిన ప్రభుత్వ టార్టన్ రిజిస్టర్‌ను చూపవచ్చు.

ఇవి పుస్తకంలో దొరికే జవాబులు. కొన్ని ప్రశ్నలకు మనసు నిలకడ కూడా కావాలి. క్యాంప్‌బెల్ గుడారం ముందు ఎవరో ఒకరు గ్లెన్‌కో మాట ఎత్తుతారు. అక్కడ 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, తమకు ఆతిథ్యమిచ్చిన మెక్‌డొనాల్డ్‌లను సైనికులు చంపారు. ఆ సైనికుల నాయకుడు గ్లెన్‌లయన్ రాబర్ట్ క్యాంప్‌బెల్. అది ప్రభుత్వ సైన్యమనీ, రాజుకు విధేయత ప్రమాణం ఆలస్యమైందన్న సాకుతో ఎడిన్‌బరా, లండన్ అధికారులు పన్నిన పని అనీ వాలంటీర్‌కు తెలిసి ఉండాలి. తెలిసినా దాన్ని తప్పించుకోవడానికి వాడకూడదు. జరిగింది హత్యాకాండ అని ముందు ఒప్పుకుని, తర్వాత వివరం చెప్పాలి.

ఇంకా బరువైన ప్రశ్న జమైకా మూలాలున్న క్యాంప్‌బెల్‌ల నుంచి వస్తుంది. కరీబియన్ చెరకు తోటల్లో స్కాట్లు బానిసల యజమానులుగా, మేనేజర్లుగా ఉన్నారు. వాళ్ల ఇంటిపేర్లు బానిసలకూ అంటుకున్నాయి. అలాంటి సందర్శకుణ్ణి చూసి ఇబ్బందిగా మౌనం వహించడం తప్పు. "మీ పూర్వీకులూ మా క్యాంప్‌బెల్‌ల నేల ఆర్గైల్ వాళ్లే" అని అంచనాతో ఉత్సాహపడటమూ తప్పే. ఆ పేరు వాళ్ల ఇంటికి ఎలా వచ్చిందని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారో అడిగి వినాలి.

అడిగి వినడం అన్నచోట తెలుగు నేలతో ముడిపడిన ఒక మెకంజీని తలుచుకోకుండా ముందుకు పోలేం. కాలిన్ మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. 1783లో మద్రాసు వచ్చాడు, 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలిచే పనిలో ఊరూరా తిరుగుతూ శాసనాలు, రాతప్రతులు, స్థానిక చరిత్రలు పోగేయించాడు. కైఫీయతులుగా మనకు మిగిలిన ఆ గ్రామ వృత్తాంతాలు ఈ శీర్షిక పాఠకులకు కొత్త కావు. ఇక్కడి భాషలు మెకంజీకి రావు. అతని పేరు మీద నిలిచిన పని ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్లతో పనిచేసిన పండితులు చేసినది. కరణం దగ్గర, పూజారి దగ్గర, ఊరి పెద్ద దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకున్నారు. రాజుల వరసలతో పాటు అగ్రహారాలు, మాన్యాలు, చెరువులు, గుళ్ల పుట్టుకలు వాటిలోకి ఎక్కాయి. నమ్మదగినవీ నమ్మలేనివీ కలిసే వచ్చాయి, జల్లెడ పట్టే పని తర్వాతి చరిత్రకారులకు మిగిలింది. ఊరివాళ్ల మాటను అప్పుడే కొట్టిపారేసి ఉంటే జల్లెడకు ఏమీ మిగిలేది కాదు.

గ్లాస్గోలో 1761లో పుట్టి, దత్తమండలాలను పాలించి, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన థామస్ మన్రో కూడా ఇలాంటి గుడారాల్లో ఒకదాని పేరుగలవాడే. తిరుమలలో మన్రో గంగాళం చూసిన తెలుగు కుటుంబం ఏ అమెరికా ఊళ్లోనో మన్రో గుడారం ముందు ఆగితే, చెప్పవలసిన కథ ఆ కుటుంబం దగ్గరే ఉంటుంది. వాలంటీర్ చేతిలో కలం ఉండాలి.

అందువల్ల సందర్శకుల పుస్తకంలో పేరు, ఈమెయిల్ గడులు మాత్రమే ఉంటే చాలదు. తాతముత్తాతల ఊరు, వలస దారి, ఇంట్లో చెప్పుకునే కథ రాయడానికి చోటుండాలి. కాగితం ఆధారమున్నదాన్ని, నోటి మాటను వేరువేరు గడుల్లో రాయించాలి. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో కూడా వాలంటీర్ చెప్పగలగాలి. స్కాట్లండ్‌లో జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. అంతకు ముందువాటికి చర్చి రిజిస్టర్లే దిక్కు. అక్కడి పత్రాల్లో పెళ్లయిన ఆడవాళ్ల పుట్టింటి పేరు కూడా కనిపిస్తుంది కాబట్టి అమ్మమ్మల వైపు వెతకడం తేలిక. చాలామంది అమెరికన్ల పూర్వీకులు స్కాట్లండ్ నుంచి ముందు ఐర్లండ్‌లోని అల్‌స్టర్‌కు వెళ్లి, అక్కడి నుంచి సముద్రం దాటారు. ఈ మెట్టు మరిస్తే వెతుకులాట తప్పుదారి పడుతుంది.

ఇంతదాకా చెప్పినదంతా "కాదు, తెలియదు, ఆధారం లేదు" అనడం నేర్పే శిక్షణలా కనిపించవచ్చు. ఆ లెక్కన పేరు కలవనివాళ్లను మర్యాదగా పక్క గుడారానికి పంపేయడమే నిజాయితీ అనిపిస్తుంది. మెక్‌గ్రెగర్ల చరిత్ర దీన్ని తలకిందులు చేస్తుంది. గ్లెన్ ఫ్రూయిన్ దగ్గర వాళ్లు చేసిన పోరు తర్వాత 1603లో ఆరో జేమ్స్ ప్రభుత్వం ఆ పేరునే నిషేధించింది. ఆ పేరు పెట్టుకుంటే మరణదండన. 1661లో నిషేధం ఎత్తేశారు, 1693లో మళ్లీ పెట్టారు, 1774లో గాని అది పూర్తిగా పోలేదు. ఆ కాలంలో మెక్‌గ్రెగర్లు గ్రాంట్, మర్రే, క్యాంప్‌బెల్ లాంటి పేర్లలో దాక్కున్నారు. చాలామంది వారసులు మళ్లీ పాత పేరుకు రాలేదు. మరోవైపు, అధిపతి నేల మీద కౌలుకు వచ్చిన పరాయివాళ్లు రక్షణ కోసం అతని పేరు పెట్టుకోవడం ఎత్తుసీమల్లో మామూలే. పేరు ఒకటైనా రక్తం ఒకటి కాకపోవచ్చు, రక్తం ఒకటైనా పేరు వేరు కావచ్చు.

లార్డ్ లయన్ న్యాయస్థానం చెప్పేదీ ఇదే. అధిపతి ఇంటిపేరు ఉన్నవాళ్లు క్లాన్ సభ్యులుగా పరిగణన పొందుతారు. అధిపతికి విధేయత ప్రకటించిన ఇతరులు కూడా, ఆయన వద్దనకపోతే, సభ్యులే. చరిత్రను కచ్చితంగా చెప్పాలన్న పట్టుదల చివరికి తలుపు తెరిచి ఉంచమనే చెబుతుంది. చిహ్నాల విషయంలో, టార్టన్ విషయంలో, పూర్వీకుల విషయంలో వాలంటీర్ ఒక్క మాట కూడా పెంచి చెప్పకూడదు. సభ్యత్వ ఫారం ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరికీ రుజువు అడ్డు పెట్టకూడదు. "మీ వంశం గురించి మేం హామీ ఇవ్వలేం, మీరు మాతో చేరవచ్చు" అన్న రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పడం నేర్పితే శిక్షణలో ముఖ్యమైన భాగం పూర్తయినట్టే.

మిగిలింది ముగింపు పని. సాయంత్రం డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకం చేయాలి. సందర్శకుల పుస్తకం పేజీలను గుడారం విప్పకముందే ఫోటో తీయాలి, తడిసినా పోయినా రాసింది మిగలాలి. చేరతామన్నవాళ్లకు వారంలోపు ఉత్తరం వెళ్లాలి. పంపిస్తామని చెప్పిన సమాచారం ఎవరు పంపాలో పేరు పేరునా రాసుకోవాలి. జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలన్నీ విడిగా ఒక కాగితం మీద పెట్టి, సొసైటీలో చరిత్ర చూసేవారికి అందించాలి. వాళ్ల జవాబులతో వచ్చే ఏటి వాలంటీర్ల పాఠం మొదలుపెట్టాలి.