పట్టుబడకపోవడమే బాగుపడటమా? – ప్రొబేషన్ పరిశోధనల కొలమానంపై విమర్శ

ఉపోద్ఘాతం:

నేరం రుజువైన వ్యక్తిని జైలుకు పంపక, కొన్ని షరతులతో సమాజంలోనే ఉంచి అధికారి పర్యవేక్షణలో నడిపించే విధానమే ప్రొబేషన్. ఇది ఫలించిందని పరిశోధకులు దేనిని బట్టి నిర్ణయిస్తున్నారు? ఈ వ్యాసం ఆ కొలమానాన్ని పరిశీలిస్తుంది.

విశ్లేషణ:

పర్యవేక్షణను కఠినం చేస్తే నేరాలు తగ్గుతాయన్న నమ్మకం 1980లలో అమెరికాలో బలపడింది. జోన్ పీటర్సీలియా, సుసాన్ టర్నర్ దానిని 14 చోట్ల పరీక్షించి, 1993లో ఫలితాలను ప్రకటించారు. ప్రొబేషన్, పెరోల్‌లపై ఉన్నవారిని చీటీలు తీసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించారు. ఏడాదిలో తిరిగి అరెస్టయినవారు కఠిన పర్యవేక్షణలో 37 శాతం, సాధారణ వర్గంలో 33 శాతం. అంటే అరెస్టులు తగ్గలేదు. షరతుల ఉల్లంఘన నమోదైనవారు మాత్రం 65 శాతం, 38 శాతం.

ఈ రెండో జత అంకెలే కీలకం. తరచుగా మాదకద్రవ్య పరీక్షలు చేస్తే తప్పులు ఎక్కువగా దొరకడం సహజం. కనుక ఈ అంకె పర్యవేక్షణలో ఉన్నవారి నడవడికనే కాక, అధికారి నిఘానూ కొలుస్తున్నది. కొలిచే చేయే కొలతను మారుస్తున్నప్పుడు దానిని ఫలితమనడం తొందరపాటు.

1990లో ఆండ్రూస్, బోంటా, హోజ్ చర్చను మరో దారి పట్టించారు. ప్రమాదస్థాయికి తగిన శ్రద్ధ, నేరానికి దారితీసే కారణాలపై దృష్టి, వ్యక్తి గ్రహించగల పద్ధతి – ఈ మూడూ వారి సూత్రాలు. వీటి ఆధారంగా కెనడాలో అధికారులకు శిక్షణనిచ్చి, వారి సంభాషణలను రికార్డుచేసి పరిశీలించిన అధ్యయనం 2011లో వెలువడింది. పరిశోధన అధికారి మాట వరకు వచ్చింది. తుది కొలమానం మాత్రం తిరిగి శిక్ష పడటమే. బాధితుల భద్రత దృష్ట్యా ఆ అంకెను విస్మరించలేము. అయితే దొరికిన పని, నిలిచిన కుటుంబం, వదిలిన వ్యసనం అందులో కనిపించవు.

ముగింపు:

మన 1958 ప్రొబేషన్ చట్టం 14వ సెక్షన్, అవసరమైనచోట తగిన ఉపాధి చూపేందుకు యత్నించడాన్ని అధికారి విధుల్లో చేర్చింది. అంటే చట్టం కోరిన ఫలితం నిఘాకన్నా విశాలమైనది. తెలుగునాట ఆ ఫలితాన్ని కొలవాలంటే, అధికారి ఏ తెలుగులో అడుగుతున్నాడు, ఎదుటివారు ఏ మేరకు గ్రహిస్తున్నారు అన్నది కూడా పరిశీలించాలి. ఇది న్యాయశాస్త్రానికే పరిమితమైన పని కాదు. భాషా పరిశోధకులు కూడా చేపట్టవలసినది.