వద్దనుటకు హేతువేల?

మద్యము పుచ్చుకొనువానిని మనలో ఎవ్వరును కారణమడుగరు. పుచ్చుకొననివాడు మాత్రము కారణము చూపవలసి యుండును. లోకము విని తలయూచు కారణములు నాలుగు: మ్రొక్కు, రోగము, మతము, పూర్వము త్రాగి చెడిన అనుభవము. కార్తికమున మెడలో అయ్యప్పమాల పడినంతనే, నిన్నటిదాక శనివారపు దావతులకు నాయకుడైన వానిని సైతము "స్వామీ" యని పిలిచి, వాని యెదుట సీసా మూతయైన విప్పక, 41 దినముల దీక్షకు తామే కావలి కాయు మిత్రులు, శబరిమల నుండి వచ్చి మాల తీసిన మరునాడు వాని గ్లాసు వానికి అందించుటకు అంతకంటె ఎక్కువ శ్రద్ధ చూపుదురు. కాలేయము చెడినదని వైద్యుడు చెప్పెనన్నచో జాలిపడి సోడా తెప్పింతురు. "మస్తు తాగిన, ఇగ బంద్ వెట్టిన" అనువాని యెడ నొక విధమగు గౌరవము గూడ కలదు. వీనిలో ఏదియు లేక, ఒడలు సవ్యముగా నుండి, మెడ బోసిగా నుండి, చెప్పుకొనదగిన పతన మొక్కటియు గతమున లేనివాడు "నాకు వద్దు" అని యూరకున్నచో ఆ గోష్ఠిలో మాటలు ఒక క్షణము ఆగిపోవును. నేను ఆ కోవకు చెందినవాడను.

ఉద్యోగములో చేరిన క్రొత్తలో తోడివారితో పాటు నేనును పుచ్చుకొంటిని. హద్దు మీరలేదు, అప్పు చేయలేదు, నా మూలమున ఇంటిలో నెవ్వరును కంటతడి పెట్టలేదు. రాత్రి భోజనమునకు ముందు పుస్తకము పట్టుకొను గంట ఒకటి నాకు కలదు, గ్లాసు పట్టిన సాయంకాలములందు ఆ గంట నాకు దక్కుట లేదని తోచినది, మానితిని. ఇంత స్వల్పమైన హేతువును ఫంక్షన్ హాలు వెనుక ప్లాస్టిక్ కుర్చీల నడుమ విప్పి చెప్పుట ఎట్లు? చెప్పకున్నచో విచారణ యిట్లు సాగును:

"ఏమైంది బావా, షుగరా?"

"లేదు."

"మాలేసినవా?"

"లేదు."

"అక్క ఒట్టు వెట్టించుకున్నదా?"

"లేదు."

"మరి మాతోని కూసునుడు ఇష్టం లేదా?"

బామ్మర్ది నిజముగా అడుగదలచినది ఈ చివరి ప్రశ్నయే. తక్కిన మూడును దానికి మెట్లు. మన బంధువర్గములలో గ్లాసు చాచుట స్నేహము చాచుట. దానిని త్రోసివేసినవాడు తమ చేతిని త్రోసివేసెనని వారు భావించుటలో దోషము నాకు కనబడదు. కాకరకాయ తిననివానిని పంక్తిలో నెవ్వరును నిలదీయరు, నిజమే. కాని కాకరకాయతో నెవ్వరును చుట్టరికము కలుపుకొనలేదు.

లెక్కలు చూచినచో ఈ విచారణ మరింత విచిత్రముగా నుండును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, పదునైదేండ్లు దాటిన పురుషులలో దేశమంతట మద్యము సేవించువారు నూటికి ఇంచుమించు 19 మంది కాగా తెలంగాణమున 43 మంది. ఇంత యెక్కువ పాలు గల రాష్ట్రములు దేశములో అరుదు. అయినను, ఇక్కడ సైతము సగమునకు మించినవారు పుచ్చుకొననివారే. అల్పసంఖ్యాకులు అధికసంఖ్యాకులను సంజాయిషీ అడుగుచున్నారన్న మాట!

దీనికి మన చరిత్రయు కొంత కారణమని నా యూహ. మద్యమును వద్దన్న మాట తెలుగునాట పుట్టినపుడెల్ల త్రాగి చెడుచున్నవారిని, వారి చేతిలో నలుగుచున్నవారిని గట్టెక్కించుటకే పుట్టినది. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మ ఈ హైదరాబాదు నగరముననే తనవారి పెండ్లిండ్లనుండియు పండుగలనుండియు మద్యమును వెడలగొట్టుటకు జీవితమంతయు పాటుపడెను. 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదము మీదనే, ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొనుచున్న స్త్రీలు సారాదుకాణము మూయించుటతో రగిలిన యుద్యమము రాష్ట్రమంతయు వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారాను నిషేధింపజేసినది. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది. 1997లో అది సడలిపోయినది. కూలిడబ్బు దుకాణము పాలు కాకుండ దారికి అడ్డు నిలిచిన ఆ తల్లుల తెగువ యెదుట నా నిశ్చయము ఏపాటిది? నేను దేనిని ఒడ్డలేదు, దేనిని కోల్పోలేదు. కనుక దానికి వ్రతమని పేరు పెట్టుకొనుటకు నాకు సిగ్గు. అది నా సాయంకాలములను గూర్చిన నా రుచి, అంతే. అయినను రుచియనునదొక కారణముగా చెల్లుబాటగుటకు మన దావతులలో ఇంకను చోటు దొరకలేదు.

మా జల్‌పల్లిలో నుండుట వలన నాకు ఈ విషయమున నొక లాభము కలిగినది. ఒకవైపు పహాడీషరీఫ్ గుట్టమీద బాబా షరఫుద్దీన్ దర్గా, మరొకవైపు బార్కస్. ఇరుగుపొరుగు పెండ్లిండ్లలో సగము మద్యము ప్రసక్తియే లేని పెండ్లిండ్లు. గ్లాసు లేనిచో మాట కదలదు, నవ్వు పుట్టదు అని సిద్ధాంతము చేయువారిని బార్కస్‌లో మందీ వడ్డించు చోటికి ఒక రాత్రి తీసికొనిపోవలెనని నా కోరిక. నిజాముల కొలువునకు యెమెను దేశపు హద్రమౌతు నుండి వచ్చిన అరబ్బు సైనికుల సంతతివారి పేట అది. నేలమీది పఱుపులపై నలుగురు చుట్టుకూర్చుండగా, నడుమ నొకే పెద్ద తాంబాళమున పొగలు గ్రక్కు అన్నమును, దానిపై మాంసమును తెచ్చి పెట్టుదురు. ఎవని వైపు వాడు తినును. కాని తన వైపున మెత్తని ముక్క పడినచో దానిని వ్రేళ్లతో మెల్లగా ఎదుటివాని వైపునకు నెట్టును. వాడు మరల ఇటు నెట్టును. ఈ నెట్టులాటలోనే వారి కొట్లాటలు, భూముల ధరలు, దుబాయి కబుర్లు అన్నియు సాగిపోవును. సులేమానీ చాయ్ రెండవమారు వచ్చువఱకు ఎవ్వరును లేవరు. అక్కడ మద్యము లేకుండుటకు హేతువు మతము, నాది కాదు. ఐనను ఆ పఱుపుమీద నన్నెవ్వరును హేతువడిగినవారు లేరు.

బంధువుల దావతులకు పోవుట నేను మానలేదు. అబద్ధమాడి తప్పించుకొనుట సులభము. కాని మందులు వాడుచున్నానని యొకమారు చెప్పినచో, తరువాతి పెండ్లిలో ఆ రోగము క్షేమసమాచారమును అందరకును విన్నవింపవలసి వచ్చును. కనుక వద్దని మాత్రమే యని, నిమ్మసోడా నిండుగా పోయించుకొని (ఖాళీ చేయి కనబడినచో ఎవడో ఒకడు దానిని నింపక మానడు), అందరు లేచువఱకు కూర్చుందును. మద్యమును 1988లోనే కర్కటరోగకారక పదార్థములలో చేర్చిరనియు, ఎంత కొంచెమైనను అది క్షేమకరము కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెననియు నాకు తెలియును. తెలిసినదానిని జేబులోనే యుంచుకొందును. పరుల గ్లాసుమీద ఉపన్యాసము చెప్పువానికంటె త్రాగి వాగువాడే ఆ సభకు ప్రియుడు. సీసాల ఖర్చులో నా పాలు ఇయ్యను గాని మంచింగుకు మాత్రము రెండు పాళ్లు ఇత్తును, ఏలయన వేరుసెనగలును చికెన్ ముక్కలును తక్కినవారందరు కలిసి తినినన్ని నేనొక్కడనే తిందును. వారాంతములలో పోలీసులు దారికాచి ఊదించు పరీక్షలు మొదలైన పిమ్మట నా గౌరవము అమాంతము పెరిగినది. "బావ ఉన్నడు గద, బండి బావనే నడుపుతడు" అని బామ్మర్దియే నన్ను ముందుగా పిలుచుచున్నాడు. ఏ తర్కము సాధింపలేనిదానిని ఈ ఊదు గొట్టము సాధించినది.

చిక్కంతయు కల్లుతోడనే. ఇబ్రహీంపట్నము వైపు మా ఊరిలో కల్లును మద్యముల లెక్కలో చేర్చినవాడు లేడు. అది పండుగ, అది గౌడుల జీవిక, బోనాలలో అమ్మవారికి పోయు సాక. మా పెద్దబాపు మోదుగాకు దొన్నె నా నోటికందించి, "కల్లు మందు గాదు బిడ్డా, చెట్టు పాలు" అన్నపుడు, దానిలోను మత్తు కలదని వాదించుట పరమ మూర్ఖత్వముగా తోచును. అచ్చటి వద్దు ఇచ్చటి వద్దువంటిది కాదు. అది యొక వృత్తిని, ఒక దేవతను, ఒక వృద్ధుని ఏకకాలమున త్రోసివేసినట్లుండును. కాని చెట్టునుండి ఊరు రసము మొదట తియ్యనిదే. గాలిలోని ఈస్టు దానిలో చేరి కొన్ని గంటలలో పులియజేయును. లొట్టి లోపల సున్నము పూసి కట్టి, సూర్యోదయమునకు ముందే దించినచో అది పులియని నీరాగానే నిలుచును. నెక్లెస్ రోడ్డున 2023లో ప్రభుత్వము దీనికొక కేఫ్ సైతము తెఱచినది. సంక్రాంతికి ఊరికి పోయినపుడు నేను చీకటితోనే లేచి తాళ్లలోనికి పోవుచున్నాను. గౌడన్న మోకు నడుమునకు తగిలించుకొని నాకొఱకు సున్నపులొట్టి ఒకటి వేరుగా దించును. పెద్దబాపు చలికి కంబళి కప్పుకొని గొణుగుచు వెంట వచ్చి, నాతోపాటు ఒక దొన్నెడు పుచ్చుకొని, మధ్యాహ్నము తన లొట్టిని తాను వేరుగా తెప్పించుకొనును. గౌడన్న మాత్రము రెంటికిని ఒక్కటే ధర తీసికొనును.