ఒకటే గింజ, నాలుగు దినుసులు

ఆల్‌స్పైస్ నిజానికి ఒకే చెట్టు కాయ. పచ్చిగా ఉండగానే కోసి ఎండబెడతారు. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిపినట్టు వాసనొస్తుందని ఇంగ్లీషువాళ్లు ఆ పేరు పెట్టారు.

దాన్ని ఫ్రెంచిలోకి తేవడంలోనే ఉంది తిప్పలంతా. నిఘంటువు చూస్తే ‘కాత్రెపీస్’ దొరుకుతుంది. అంటే నాలుగు దినుసులు. కానీ ఫ్రెంచి వంటింట్లో ఆ మాట వినగానే గుర్తొచ్చేది మిరియాలు, జాజికాయ, లవంగం, శొంఠి కలిపిన పొడి. ఒంటి గింజ కాస్తా మసాలా పొడి అయిపోతుంది.

రెండో పేరు ‘పిమాఁ ద లా జమాయిక్’. ఊరు పేరుంది, బాగుంది. అయితే ఇవాళ్టి ఫ్రెంచిలో పిమాఁ అంటే మిరపకాయ. జమైకా నవలలో ఎవరో జెర్క్ చికెన్ వండుతున్నారనుకోండి. అందులో ఈ గింజా పడుతుంది, స్కాచ్ బానెట్ మిరపకాయా పడుతుంది. పైగా జమైకావాళ్లు ఈ గింజని పిమెంటో అనే అంటారు. అనువాదకుడు ఏమరితే ఫ్రెంచి పాఠకుడికి రెండూ మిరపకాయలే. సువాసన పోయి మంటే మిగులుతుంది.

మూడోది ‘ప్వావ్ర్ ద లా జమాయిక్’, జమైకా మిరియం. నా ఓటు దీనికే. ఇది మిరియాల జాతి కాదు, నిజమే. కానీ గింజ గింజలాగే ఉంటుంది, ఊరు పోదు, నోరు మండదు. మనం మాత్రం? సముద్రం దాటొచ్చిన కాయకి మిరియం పేరే సాగదీసి మిరప అనుకున్నాం. వృక్షశాస్త్రం ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, వంట చెడకపోతే చాలు.