నాబోతు ద్రాక్షతోట – నల్లమల చెంచులు: మన ప్రసంగాలపై ఒక విమర్శ

1 రాజులు 21వ అధ్యాయము మన సంఘాలలో తరచుగా వినబడే వాక్యభాగము. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలలో పరిచర్య చేసిన నేను కూడ దీనిని అనేకసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ మూడే అంశాలు: అహాబు దురాశ, యెజెబెలు దుర్మార్గము, నాబోతు నమ్మకత్వము. పిత్రార్జితము అనగా మన విశ్వాసమని, దానిని లోకానికి అమ్ముకొనరాదని ముగించేవాడిని. ఈ అన్వయము తప్పని అనను. కాని ఇందులో భూమి మాయమైపోయింది. మూలపాఠములో వివాదము భూమిని గురించినదే.

పాఠమును మరల గమనించండి. అహాబు మొదట బలవంతము చేయలేదు. ఇంకా మంచి తోట గాని, తగిన వెల గాని ఇస్తానన్నాడు (2వ వచనము). లోకరీతిగా అది మంచి బేరమే. అయితే భూమి యెహోవాది గనుక శాశ్వతముగా అమ్మరాదన్నది లేవీయకాండము 25:23 బోధ. నాబోతు నిరాకరణకు ఆధారము ఇదే. తరువాత జరిగిన హత్య కూడ కాగితము మీద సక్రమమే: రాజముద్ర గల తాకీదులు, ఉపవాస దినము, ఇద్దరు సాక్షులు. పట్టణపు పెద్దలలో ఒక్కరైనా అడ్డు చెప్పినట్లు వాక్యములో లేదు (8–13 వచనములు). మన ప్రసంగాలు యెజెబెలును దూషించి ఈ పెద్దలను విడిచిపెడుతున్నవి.

ఇప్పుడు మన పొరుగును చూద్దాము. ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు వెళితే నల్లమల అడవి, అందులో చెంచు గూడేలు. చెంచులక్ష్మి కథ ద్వారా అహోబిల సంప్రదాయము చెంచులను నరసింహస్వామికి అత్తవారుగా గౌరవిస్తుంది. మన ప్రసంగాలలోనైతే వారు దుప్పట్లు పుచ్చుకొనే పేదలుగా మాత్రమే కనబడతారు, హక్కుదారులుగా కాదు.

గిరిజనుల భూమిని కాపాడే 1970 నాటి 1వ రెగ్యులేషను గాని, 1997 సమత తీర్పు గాని షెడ్యూల్డు ప్రాంతాలకు సంబంధించినవి. నంద్యాల జిల్లా గూడేలు ఆ షెడ్యూలులో లేవు. కనుక వీరికి ముఖ్యాధారము 2006 అటవీ హక్కుల చట్టము. అది సాగుభూమికి మాత్రమే కాక, చెంచుల వంటి ఆదిమ సమూహాలకు తరతరాల ఆవాస ప్రాంతముపై కూడ హక్కును గుర్తిస్తుంది (సెక్షను 3). దరఖాస్తుల పరిశీలన పూర్తయ్యే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు (సెక్షను 4). తేనె, గడ్డలు, వాగు, పితరుల సమాధులు: ఇదే చెంచుల పిత్రార్జితము.

పులుల అభయారణ్యాల నుండి తరలివెళ్లే కుటుంబానికి కేంద్రము 2008లో 10 లక్షల రూపాయల ప్యాకేజీ నిర్ణయించి, 2021లో 15 లక్షలకు పెంచింది. అధికారులు అహాబులని నా భావము కాదు. పులిని కాపాడుట కూడ సృష్టి పరిరక్షణే. అయితే "మాకు వద్దు" అనే స్వేచ్ఛ లేనిచోట సమ్మతికి అర్థము లేదు.

2019 ఫిబ్రవరి 13న, హక్కు దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని అడవి నుండి ఖాళీ చేయించుమని సుప్రీంకోర్టు ఆదేశించి, 28న ఆ ఆదేశమును నిలిపివేసింది. ఆ సంవత్సరమే అమ్రాబాదు అడవిలో యురేనియం అన్వేషణను ఎదిరిస్తూ చెంచులు, ప్రజాసంఘాలు ఉద్యమించగా, సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకముగా తీర్మానించింది. అదే ఏడు నేను నాబోతును గురించి ప్రసంగించాను. నల్లమల పేరు ఎత్తలేదు. ఈ విమర్శ మొదట నాకే వర్తిస్తుంది.

ఏలీయా వచ్చేసరికి నాబోతు చనిపోయాడు. ముందుగా మాట్లాడవలసినది పెద్దలే. కాబట్టి సేవకులారా, ఈ వాక్యమును ప్రసంగించే ముందు ఒక గూడెమునకు వెళ్లి, హక్కు పత్రములు ఎవరికి అందినవో, ఎవరివి తిరస్కరింపబడినవో, కారణము లిఖితముగా చెప్పారో లేదో వారినే అడగండి. అవసరమైతే దరఖాస్తు చదివి వినిపించండి, గ్రామసభలో వారి పక్షాన కూర్చోండి. ఈ సహాయమునకు బాప్తిస్మముతో ముడి పెట్టవద్దు. భూమి యెహోవాదని ప్రసంగపీఠము మీద చెప్పి, గ్రామసభ రోజున ఇంట్లో కూర్చుంటే మనము కూడ ఆ యెజ్రెయేలు పెద్దలమే.