ప్రశ్నావళికి తెలుగు మాట

స్పెయిను దేశమందలి వాలెన్సియా విశ్వవిద్యాలయములో ఆంటోనియో కాపాఫోన్స్, ఆయన సహచరులు హిప్నాటిజమును గూర్చి జనులకుండు నమ్మకములను, భయములను కొలుచుటకు ఒక ప్రశ్నావళిని కూర్చిరి. అది ఇతర భాషలలోనికిని వెళ్ళినది. చికిత్సకు వచ్చినవారు ఏ అపోహతో వచ్చిరో ముందే తెలిసికొనుట మంచిదే. దానిని తెలుగున ఎట్లు అడుగవలెనన్నదే చిక్కు.

ఇట్టి పనులకు 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ వివరించిన తిరుగు అనువాదపద్ధతి బహుళముగా వాడుకలో నున్నది. ఒకరు తెలుగు చేయుదురు. మూలమును చూడని మరియొకరు దానిని తిరిగి మూలభాషలోనికి మార్చుదురు. రెంటిని పోల్చి చూతురు. పద్ధతి పనికివచ్చునదే గాని, దానిపై పెట్టుకొన్న నమ్మకము మితిమీరినది. హిప్నాటిజమునకు 'సమ్మోహనము' అని వ్రాసినను, 'వశీకరణము' అని వ్రాసినను తిరిగి వచ్చునది ఒకే ఇంగ్లీషు మాట కావచ్చును. అప్పుడు పరీక్షలో రెండును నెగ్గును. జవాబు చెప్పవలసిన ఇల్లాలికి మాత్రము అవి రెండును ఒకటి కావు. వశీకరణమనగానే మందు పెట్టుట, తాయెత్తు, పరాయివారి చేత చిక్కిన మనస్సు స్ఫురించును. "దీనివలన మీకు భయమా?" అన్నచో ఆమె ఔననును. ఆ భయము మాటను గూర్చినది, వైద్యమును గూర్చినది కాదు. లెక్క కట్టువాడు దానిని చికిత్సపై విముఖతగా వ్రాసికొనును. ఆమెకు మేలు చేయగల చికిత్స అంతటితో ఆగిపోవచ్చును.

అసలు మాటకే పుట్టుకలో పేచీ యున్నది. నిద్రకు గల గ్రీకు మాటనుండి దీనిని 1843 నాటి గ్రంథమున ప్రచారములోనికి తెచ్చిన జేమ్స్ బ్రెయిడ్ తానే 1847లో వేరొక పేరు పెట్టజూచెను. లోకము వినలేదు!

పరరాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములకు మరియొక మెలిక గలదు. మధురలో పెరిగినవారు తెలుగున చదివినను 'మనోవసియం' అను తమిళమాట మీదుగా అర్థము చేసికొనవచ్చును; మరాఠీ బడిలో చదివినవారికి సమ్మోహనము శాస్త్రపు మాటగానే పరిచితము. గుంటూరులో సరిచూచిన ప్రశ్నావళి షోలాపురమున చెల్లునని ముందే అనుకొనరాదు. ఇక "ఆ స్థితిలో జరిగినది తరువాత గుర్తుండదా?" అని అడిగినచో, జాతరలో పూనకము చూచినవారు దానినే తలచి జవాబిత్తురు. జవాబు సరియైనదే, అడిగిన ప్రశ్నకు కాదు.

పదిమందిని కూర్చుండబెట్టి, "ఈ మాట వినగానే మీకేమి తోచినది?" అని అడిగి, వారి పలుకులను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొనుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అది జరుగువరకు 'హిప్నాటిజము' అను మాటనే యుంచి, వైద్యుడు చేయు పనిని దాని క్రింద రెండు వాక్యములలో చెప్పుట మేలని నా అభిప్రాయము.